వాకిలి అంటే ఏ వాకిలి? కళా చికిత్సల్లో గుణాత్మక పరిశోధన మొదలుపెట్టేవారికి

బెంగళూరులో కౌన్సెలింగ్, సైకాలజీ, ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ చదివే తెలుగు పిల్లలు సైనాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) ఇచ్చే రోజులు దగ్గరపడగానే నాకు ఫోన్ చేస్తుంటారు. అందరి బాధా ఇంచుమించు ఒకటే. "అక్కా, డిసర్టేషన్‌లో బొమ్మలు వేయించాలనుంది. మా గైడ్ ఏమో ఏ స్కేల్ వాడతావు, శాంపిల్ ఎంత అంటున్నారు. ఏం చెప్పాలి?" ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు ఒకసారి రాసి పెడదామని ఇది మొదలుపెట్టాను.

నాది తెనాలి వైపు. బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. నా పరిశోధన మారతహళ్ళి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే ఆరుగురు ఆడవాళ్లతో జరిగింది. అందరూ అనంతపురం, కడప, కర్నూలు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. విషయం ముగ్గులు. ఇందులో చెప్పే మంచి సలహాలు చాలావరకు నేను చేసిన తప్పుల్లోంచి వచ్చినవే. వాటిలో పెద్ద తప్పు ఒక్క తెలుగు మాట దగ్గర జరిగింది. దాని సంగతి ట్రాన్స్‌క్రిప్ట్ దగ్గర చెబుతాను.

ముందు రెండు తేడాలు

థెరపీ వేరు, పరిశోధన వేరు. థెరపీలో ఎదుటి మనిషికి ఏం కావాలన్నదే లెక్క. పరిశోధనలో మీకో ప్రశ్న ఉంటుంది, అది మీ అవసరం. ఈ రెండూ ఒకే గదిలో, ఒకే గంటలో జరిగితే ఎవరి అవసరం ముందుకొస్తుందో మీకే తెలియకుండా పోతుంది. అందుకే విద్యార్థులకు నేను ఇచ్చే సలహా, మీరు థెరపీ ఇస్తున్న వాళ్లనే మీ పరిశోధనలోకి తీసుకోకండి. "మేడమ్‌కి కాదంటే బాగోదు" అనుకుని ఒప్పుకున్న ఒప్పుకోలు, ఒప్పుకోలు కాదు.

రెండో తేడా సూక్ష్మమైనది. బొమ్మ వేయించి, ఆ బొమ్మ గురించి మాట్లాడించి, ఆ మాటల్ని విశ్లేషిస్తే అది కళను వాడుకున్న గుణాత్మక పరిశోధన, అంటే అంకెలతో కాక మాటలతో, అనుభవాలతో నడిచేది. కళ అక్కడ మాటలకు తలుపు తీసే తాళంచెవి. బొమ్మ వేయడంలోనే, పాడటంలోనే, కదలడంలోనే విషయం తెలుసుకోవడం జరిగితే అది కళాధారిత పరిశోధన. 1993లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలియట్ ఐస్నర్ విద్యారంగం వైపు నుంచి ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. 1998లో షాన్ మెక్‌నిఫ్ దీన్ని కళా చికిత్సల లోపలి నుంచి వాదించారు. అనుభవాన్ని అర్థం చేసుకునే మొదటి దారి కళా ప్రక్రియే కావచ్చని, దాన్ని సైకాలజీ భాషలోకి మార్చాకే విలువ వస్తుందనుకోనక్కర్లేదని ఆయన వాదన సారాంశం. మీది ఈ రెండింటిలో ఏదో మొదటి పేజీలోనే తేల్చి రాయండి. వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

మొదటి అడుగు: ప్రశ్న

"ముగ్గులు వేస్తే ఒత్తిడి తగ్గుతుందా?" నా మొదటి ప్రశ్న ఇదే. ప్రశ్నలో తప్పేం లేదు. కానీ దానికి జవాబు కావాలంటే ఒత్తిడిని అంకెల్లో కొలిచే స్కేలు కావాలి, పోల్చడానికి ఇంకో గుంపు కావాలి, ఆరుగురు చాలరు. మీ గైడ్ "స్కేల్ ఏది" అని అడుగుతున్నారంటే ఒక్కోసారి తప్పు గైడ్‌ది కాదు, మీ ప్రశ్నే స్కేలు అడుగుతోంది.

గుణాత్మక ప్రశ్న "ఎంత" అనదు. ఎలా, ఏమిటి, ఏమవుతుంది అంటుంది. ఏడు చిత్తుప్రతుల తర్వాత నా ప్రశ్న ఇలా తేలింది: తెల్లారగట్ల పరాయి ఇంటి ముందు ముగ్గు వేసే మనిషికి ఆ ముగ్గు ఏమవుతుంది?

ప్రశ్నకు ఒక చిన్న పరీక్ష పెట్టండి. అందులోని కళను చేత్తో మూసి చూడండి. ఉత్త ఇంటర్వ్యూతోనే జవాబు దొరికేలా ఉంటే మీకు బొమ్మలు అక్కర్లేదు. ఇంటర్వ్యూలు చేసుకోండి, అది చిన్నతనమేమీ కాదు. చేతికి తెలిసి నోటికి తెలియని విషయం ఏదో ఉందనిపిస్తేనే కళ జోలికి వెళ్లండి.

రెండో అడుగు: ముందు మీ చెయ్యి

ఎవరినీ కలవకముందు పదిహేను రోజులు ఆ కళను మీరే చేయండి. రోజూ చేయండి, చేశాక తేదీ వేసి పది వాక్యాలు రాయండి. చాలామంది ఈ అడుగును సరదాగా తీసుకుని దాటేస్తారు. నేనూ దాటేద్దామనే చూశాను.

టెర్రస్ మీద ఏడు చుక్కల ముగ్గు మొదలుపెట్టాను. సరి చుక్కలతో గీతల ముగ్గు పర్వాలేదు. సందు చుక్కలు పెట్టి మెలికల ముగ్గు తిప్పబోతే మూడో మెలిక దగ్గరే దారి తప్పింది. పిండి వేళ్ల మధ్య నుంచి జారదు, జారితే ముద్దగా పడుతుంది. నాలుగో రోజు నోట్సులో ఒక వాక్యం రాసుకుని అక్కడే ఆగిపోయాను: "మా ఇంట్లో ముగ్గు ఎవరు వేసేవారు?" మా ఇంట్లో ముగ్గు మా అమ్మ వేయలేదు. పనికొచ్చే ఆవిడ వేసేది. పండక్కి రంగులు నింపడానికి మాత్రమే మేం బయటికొచ్చేవాళ్లం. అంటే నా పరిశోధనలో నేను కూర్చున్నది తలుపుకు లోపలి వైపు. ఏ పాఠమూ నాకు దాన్ని అంత తేటగా చెప్పలేదు.

పరిశోధకుడి స్థానం గురించి రాసే అధ్యాయంలో "నేను మధ్యతరగతి హిందూ మహిళను" అని ఒక వరుస రాసి వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను. అది ఆధార్ కార్డు వివరం. మీ చెయ్యి ఎక్కడ తడబడిందో రాయండి, స్థానం దానంతటదే కనిపిస్తుంది.

మూడో అడుగు: పద్ధతి

దీని మీద ఎక్కువ రోజులు తగలేయకండి. ఒక మనిషి ఒక అనుభవాన్ని లోపలి నుంచి ఎలా చూస్తుందో కావాలంటే జొనాథన్ స్మిత్ 1996 నుంచి అభివృద్ధి చేస్తూ వచ్చిన ఐపీఏ (ఇంటర్‌ప్రెటేటివ్ ఫినామినలాజికల్ అనాలిసిస్) పద్ధతి ఉంది. విద్యార్థి ప్రాజెక్టుకు ముగ్గురు నుంచి ఆరుగురు సరిపోతారు. కాబట్టి "శాంపిల్ చాలదు" అన్నవాళ్లకు మీ దగ్గర మర్యాదైన జవాబుంది. పలువురి అనుభవాల్లో అల్లుకున్న అర్థాలు కావాలంటే వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో ఆరు దశలుగా వివరించిన థీమాటిక్ అనాలిసిస్ ఉంది. ఒక సమూహం తన పరిస్థితిని తానే ఫొటోలు తీసి పైవాళ్లకు చూపాలనుకుంటే ఫొటోవాయిస్. చైనాలోని యునాన్ పల్లెల ఆడవాళ్లతో చేసిన పని మీద కరొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 1997లో దాన్ని వివరించారు.

ఒక కళ, ఒక విశ్లేషణ పద్ధతి. అంతే. ముగ్గు, డ్రామా, డైరీ, ఫొటోవాయిస్ అన్నీ కలిపి ఒక్క ఏడాదిలో చేస్తానని సైనాప్సిస్ తెచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే, పులిహోరలో పాయసం కలిపితే రెండూ పోతాయి.

నాలుగో అడుగు: ఎథిక్స్

ఇక్కడ మాత్రం నిదానించండి.

మన దేశంలో మనుషులతో చేసే ఆరోగ్య పరిశోధనకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు ఆధారం. మీ సంస్థలో ఎథిక్స్ కమిటీ ఉంటుంది. అందులో డాక్టర్లు, శాస్త్రజ్ఞులే కాక న్యాయం తెలిసినవారు, సామాన్య వ్యక్తి కూడా ఉండాలి. ఆ సామాన్య వ్యక్తిని తక్కువగా చూడకండి. నన్ను అందరికంటే మంచి ప్రశ్న అడిగింది వారే: "ఆ ముగ్గు ఎవరిది?"

అవును, ఎవరిది? కాగితం మీద వేసిన బొమ్మ వేసినవారిది. మీరు తీసింది ఫొటో మాత్రమే. కాబట్టి ఒప్పందంలో ఒక్క సంతకం చాలదు. నేను ఐదు విడి ప్రశ్నలు పెట్టాను: సెషన్‌కు రావడం, మాట రికార్డు చేయడం, చేతుల వీడియో తీయడం, ముగ్గు ఫొటోను థీసిస్‌లో వేయడం, ఎక్కడైనా ప్రదర్శించడం. ఒకదానికి అవునని, ఇంకోదానికి కాదని చెప్పే వీలుండాలి. ఆరుగురిలో ఇద్దరు ప్రదర్శనకు ఒప్పుకోలేదు. "మా ఫ్లాట్ మేడమ్ చూస్తే నా చెయ్యి గుర్తుపడుతుంది" అంది ఒకామె. నాకు తట్టని సంగతి ఇది. పేరు మార్చగలం, ముఖం కప్పగలం, కానీ రోజూ చూసే ముగ్గులో చేతివాటం సంతకంలా తెలిసిపోతుంది. బొమ్మలకూ అంతే, పాడే గొంతుకైతే చెప్పనే అక్కర్లేదు.

ఒప్పంద పత్రం భాష ఇంకో తలనొప్పి. నా మొదటి ప్రతిలో "పై విషయములను అవగాహన చేసికొని స్వచ్ఛందముగా సమ్మతించుచున్నాను" అని ఉంది. కమిటీకి బాగా నచ్చింది. చదివి వినిపిస్తే ఒక అక్క "ఇది రిజిస్ట్రాఫీసు కాయితమా?" అని అడిగింది. మళ్లీ రాశాను: "మీకు ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చు. ఎందుకు ఆపారని మేం అడగం. ఆపినందుకు మీ పనికి గానీ మీకు గానీ ఏ ఇబ్బందీ రాదు." చదవలేనివారికి సంబంధం లేని ఒక సాక్షి సమక్షంలో చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. ఆ సాక్షి మీ క్లాస్‌మేట్ అయితే కుదరదు. పిల్లలతో పని చేస్తే తల్లిదండ్రుల అనుమతితో పాటు 7 నుంచి 12 ఏళ్ల వారి నోటి అంగీకారం, 12 నుంచి 18 ఏళ్ల వారి రాతపూర్వక అంగీకారం కావాలి.

మానసిక చికిత్సలో ఉన్నవారితో పని చేస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చదవండి. 23, 24 సెక్షన్లు గోప్యత గురించి, ఫొటోలూ వివరాలూ మీడియాకు బయటపెట్టడం గురించి చెబుతాయి. "అవగాహన కోసమే కదా" అని రోగుల బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే అలవాటు మన ఊళ్లో బాగా పెరిగింది. నాకు అది నచ్చదు. పరిశోధకులకు అసలు తగదు.

డబ్బు సంగతి. గంటన్నర సెషన్‌కు వస్తే వాళ్లకు ఒక ఇంటి పని పోతుంది. పోయిన కూలి, ఆటో చార్జీ ఇవ్వడం న్యాయమే, మార్గదర్శకాలూ ఒప్పుకుంటాయి. ఆ మొత్తం ఆశపెట్టి లాగేంత పెద్దదిగా ఉండకూడదు, ముందే కమిటీకి చెప్పాలి. చోటు విషయంలోనూ జాగ్రత్త పడాలి. ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు క్లబ్‌హౌస్ ఉచితంగా ఇస్తామన్నారు. ఏసీ కూడా ఉంది. వద్దన్నాను. యజమానుల గదిలో కూర్చుని యజమానుల గురించి ఎవరు మాట్లాడతారు?

చివరిది, ఎవరైనా బాధలో కూరుకుపోతే ఏం చేస్తారు? "కౌన్సెలర్‌కు పంపిస్తాం" అని రాస్తే కుదరదు. ఏ కౌన్సెలర్, తెలుగు వచ్చా, ఫీజు ఎవరిస్తారు, ఆదివారం సాయంత్రమైతే ఏం చేస్తారు? నేను తెలుగు వచ్చిన ఒక కౌన్సెలర్‌తో ముందే మాట్లాడి పెట్టుకున్నాను. దాంతోపాటు టెలీ మానస్ నంబరు 14416 కార్డు మీద రాసి అందరికీ ఇచ్చాను. 2022 అక్టోబరులో మొదలైన ఆ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు మన బెంగళూరు నిమ్హాన్సే ప్రధాన కేంద్రం. తెలుగులోనూ మాట్లాడతారు.

ఐదో అడుగు: సరంజామా

వాళ్ల చేతికి అలవాటైన వస్తువులే పెట్టండి. ఖరీదైన ఆక్రిలిక్ రంగులు చూస్తే "పాడు చేస్తామేమో" అని చెయ్యి ముడుచుకుంటుంది. ముగ్గుపిండి, రంగులు కేఆర్ మార్కెట్‌లో, నల్ల చార్టులు, సుద్దముక్కలు అవెన్యూ రోడ్డులో కొన్నాను. నేల మీద కూర్చోలేని మోకాళ్ల నొప్పుల వాళ్లకు నల్ల చార్టు బల్ల మీద పరిచాను. దేని మీద వేశారో కూడా నోట్సులో రాయండి, నేల మీద వంగి వేసిన ముగ్గూ బల్ల మీద కూర్చుని వేసిన ముగ్గూ ఒకటి కావు. బెంగళూరు వానను మాత్రం నమ్మకండి. అక్టోబరులో మధ్యాహ్నం టెర్రస్ మీద సెషన్ పెట్టి, సాయంత్రానికల్లా నా డేటా మొత్తం పైపులోంచి కిందికి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ప్రతి పది నిమిషాలకూ ఒక ఫొటో తీయాలన్న నియమం ఆ రోజు పుట్టిందే.

ఆరో అడుగు: సెషన్

గంటన్నర. మొదటి పావుగంట టీ, ఊరి కబుర్లు. తర్వాత నలభై నిమిషాలు చేయడం. ఆపైన చూడటం, మాట్లాడటం.

చేయమని అడిగే వాక్యం ముందే రాసుకుని బిగ్గరగా చదివి చూసుకోండి. "మీ భావోద్వేగాలను ముగ్గు రూపంలో వ్యక్తీకరించండి" అంటే ఎవరూ కదలరు. నేనడిగింది ఇది: "అక్కా, ఈరోజు పొద్దున ఎక్కడ ముగ్గేశారో అదే ఇక్కడ వెయ్యండి. అది అయ్యాక, మీకోసం అయితే ఏది వేస్తారో అది వెయ్యండి." రెండో ముగ్గు దగ్గర ఒకామె చాలాసేపు చుక్కలు పెట్టి చెరిపి, పెట్టి చెరిపి, చివరికి ఏమీ వేయకుండా పిండి గిన్నె మీద మూత పెట్టేసింది. అదీ డేటానే. వేయనిదాన్ని కూడా రాయండి. ఎన్నిసార్లు చెరిపింది, ఎటువైపు తిరిగి కూర్చుంది, అప్పుడు పక్కవాళ్లు ఏమన్నారు.

మాట్లాడే సమయంలో బొమ్మకు అర్థం చెప్పకండి. నలుపు రంగు వాడితే దిగులు, గీత వణికితే భయం అనే పట్టికలు పక్కన పడేయండి. "ఇక్కడేం జరుగుతోంది?", "ముందు ఏది వేశారు?", "ఇదేమైనా మాట్లాడగలిగితే ఏమంటుంది?" ఈ మూడూ చాలు. ఆపైన ఊరుకోవడం నేర్చుకోవాలి. నేను అన్నింటికంటే ఆలస్యంగా నేర్చుకున్నది అదే.

వీడియో తీస్తే పై నుంచి చేతుల వరకే తీయండి. డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ వాళ్లకు ఒళ్లంతా కావాలి కాబట్టి వారి గోప్యతా ఏర్పాట్లు ఇంకా గట్టిగా ఉండాలి. కదలికలను క్షణం క్షణం గుర్తు పెట్టుకోవడానికి ఈలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది.

ఇంటికి వెళ్లాక అన్నం తినకముందే నోట్సు రాయండి. ఆ రాత్రే మీరూ ఒక బొమ్మ వేయండి. కళా చికిత్సలో దీన్ని రెస్పాన్స్ ఆర్ట్ అంటారు. వాళ్ల బొమ్మకు జవాబుగా మీ చెయ్యి వేసేది. మీలో ఏం కదిలిందో, మీరు ఏది వినకుండా తప్పించుకున్నారో అందులో పట్టుబడుతుంది.

ఏడో అడుగు: ట్రాన్స్‌క్రిప్ట్, నా పెద్ద తప్పు

గంట ఆడియో టైపు చేయడానికి ఐదారు గంటలు పడుతుంది. థీసిస్ ఎలాగూ ఇంగ్లీషులోనే కదా అని మొదటి రెండు ఇంటర్వ్యూలు వింటూ నేరుగా ఇంగ్లీషులోకి కొట్టేశాను. చాలామంది ఇదే చేస్తారు.

ఒకామె మాట ఇది: "నేను ముగ్గేస్తానే వాకిలేసుకుంటారు." నాకు వాకిలంటే ఇంటి ముందు జాగా. వాకిలి ఊడుస్తాం, వాకిట్లో ముగ్గేస్తాం. "వేస్తానే" అన్నది గట్టిగా చెప్పడం అనుకున్నాను, ముగ్గు నేనే వేస్తాను అన్నట్టు. కాబట్టి నా ఇంగ్లీషు వాక్యంలో ఆమె ముగ్గు వేస్తుంది, ఇంటివాళ్లు వాకిలిని అలంకరించుకుంటారు. ఇద్దరూ కలిసి చేస్తున్న పనిలా ఉంది. దాని మీద "ఉమ్మడి సౌందర్యం" అని ఒక థీమ్ (మాటల్ని కలిపే ఒక అర్థం) కూడా కట్టాను. గైడ్ పక్కన టిక్కు పెట్టారు.

మూడు నెలల తర్వాత హిందూపురం స్నేహితురాలికి ఆ ఆడియో వినిపించాను. రెండోసారి కూడా వినక్కర్లేకపోయింది తనకు. రాయలసీమలో వాకిలి అంటే తలుపు. వాకిలేయడం అంటే తలుపు మూయడం. "వేస్తానే" అంటే వేయగానే. ఆమె చెప్పింది ఇదీ: నేను ముగ్గు వేయగానే తలుపేసుకుంటారు.

థీమ్ మొత్తం తలకిందులైంది. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి పోయినందుకే కాదు, తెనాలి తెలుగుతో అనంతపురం తెలుగు విన్నందుకు. మన భాషే కదా అన్న ధీమా అన్నిటికంటే ప్రమాదం.

కాబట్టి నియమాలు. ట్రాన్స్‌క్రిప్ట్ తెలుగు లిపిలో, వాళ్లు పలికినట్టే. "ఈడ", "యాడ" అన్నవి "ఇక్కడ", "ఎక్కడ" అని దిద్దకండి. మధ్యలో కన్నడ మాట వస్తే దాన్నీ అలాగే ఉంచండి. బెంగళూరులో మన వాళ్లు ఏ సంగతి చెప్పేటప్పుడు కన్నడలోకి జారతారో చూడటమే ఒక విశ్లేషణ. ఆ ప్రాంతం మనిషి చేత ఒకసారి వినిపించండి (కమిటీ అనుమతితో, గోప్యతకు సంతకం తీసుకుని). కోడింగ్ (మాటల ముక్కలకు చిన్న పేర్లు పెట్టడం) కూడా తెలుగులోనే చేయండి. ఇంగ్లీషు అన్నిటికంటే చివర, థీసిస్‌లో కోట్ చేసే ముక్కలకు మాత్రమే.

ఎనిమిదో అడుగు: విశ్లేషణ

పెద్ద కాగితం మీద మూడు గళ్లు గీయండి. ఒకదాంట్లో చెయ్యి చేసింది, రెండోదాంట్లో కనిపించేది, మూడోదాంట్లో నోరు చెప్పింది. సమయం ప్రకారం పక్కపక్కన రాస్తూ పోండి. మూడూ ఒకే మాట చెప్పే చోట్లు సుఖంగా ఉంటాయి. పొంతన లేని చోట ఆగండి. ఒకామె "పెద్ద వాకిలైతే ముగ్గు బాగా వస్తుంది" అని నవ్వుతూ చెబుతూనే చుక్కల్ని చార్టు మూలలో బొటనవేలంత జాగాలో ఇరికించింది. ఆ పొంతన లేనితనం మీదే నా రెండో అధ్యాయం నిలబడింది.

బ్రౌన్, క్లార్క్‌ల ఆరు దశలు మీకు క్లాసులో చెప్పే ఉంటారు: బాగా చదువుకోవడం, కోడ్‌లు పెట్టడం, థీమ్‌లు కట్టడం, వాటిని మళ్లీ పరీక్షించడం, పేర్లు పెట్టడం, రాయడం. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. "థీమ్‌లు బయటపడ్డాయి" అని రాయకండి. అవి తవ్వితే దొరికే బంగారం కావు, మీరు కట్టినవి. ఎలా కట్టారో చెప్పే పూచీ మీది.

తెలుగులో విశ్లేషించేవారికి ఒక అదృష్టం ఉంది, మన వ్యాకరణం. క్యారల్ గిల్లిగన్ తదితరుల వినికిడి పద్ధతిలో "నేను" ఉన్న వాక్యాలన్నీ ఏరి కవితలా ఒకదాని కింద ఒకటి పేర్చే ప్రక్రియ ఉంది. ఇంగ్లీషులో అది తేలిక. తెలుగులో "నేను" చాలాసార్లు నోటికే రాదు, క్రియ చివర దాక్కుని ఉంటుంది. అందుకే నేను క్రియల చివరలు పట్టుకున్నాను. "లేస్తి, కల్లాపి చల్లితి, ముగ్గేస్తి" అని ఊరి సంగతులన్నీ తాను చేసిన పనులుగా వచ్చాయి. బెంగళూరు సంగతులకు వచ్చేసరికి "నాకు చెప్తారు", "నాకు కుదరదు", "నాకు అనిపిస్తాది". చేసే మనిషి, తనకు జరిగే మనిషిగా మారిపోయింది. ఆ రెండు రకాల వాక్యాలనూ రెండు నిలువు వరుసలుగా పేరిస్తే ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేని కవిత తయారైంది. దాన్ని థీసిస్‌లో యథాతథంగా పెట్టాను.

ఇంకోటి, "మేము", "మనం". "మేము ఎనిమిదిండ్లు చేస్తాము" అన్నప్పుడు నేను బయటదాన్ని. మూడో సెషన్‌లో ఒకామె "మన ఆడోళ్లకి ఇంతే" అంది. నన్ను లోపలికి పిలిచిన క్షణం అది. మొదట్లో "మేడమ్" అన్న మనిషి అప్పటికి "పాపా" అంటోంది. ఈ రెండు మార్పులూ ఏ నిమిషంలో జరిగాయో రాసి పెట్టుకోండి. ఇంగ్లీషులోకి మారిస్తే "మేము", "మనం" రెండూ ఒకే మాటగా కరిగిపోతాయి.

సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ట్యాగెట్ ఉచితం, యూనికోడ్ తెలుగు టెక్స్ట్ పెట్టుకుని కోడ్ చేయొచ్చు. నేను మాత్రం జిరాక్సు తీయించి కత్తెరతో కోసి గోడకు అంటించాను. ఆరుగురికి అది చాలు.

తొమ్మిదో అడుగు: నమ్మకం

"ఇది నీ ఊహ కాదని ఎలా నమ్మాలి?" అని అడుగుతారు, అడగాలి కూడా. లింకన్, గూబా 1985లో చెప్పిన నాలుగు ప్రమాణాలు చాలామంది పరీక్షకులు ఒప్పుకుంటారు: విశ్వసనీయత, ఇంకో చోటికి అన్వయించే వీలు, నిలకడ, ఆధారం చూపగలగడం. ఆచరణలో అది మీ గోడ ఫొటోలు, తేదీలు వేసిన నోట్సు, మారిన థీమ్‌ల జాబితా, మీ రెస్పాన్స్ ఆర్ట్. నా "ఉమ్మడి సౌందర్యం" తప్పును దాచకుండా థీసిస్‌లో రెండు పేజీలు రాశాను. పరీక్షకులు ఎక్కువ సేపు మాట్లాడింది దాని గురించే. కళాధారిత పని అయితే ఇంకో ప్రమాణం చేరుతుంది, ఆ కళ చూసినవారిలో ఏమైనా కదిలించిందా అని. ఏమీ కదలకపోతే అది అందమైన అనుబంధం మాత్రమే.

రాసింది వాళ్లకు తిరిగి చూపించండి. ముప్పై పేజీల పీడీఎఫ్ కాదు. నేను నేల మీద చార్టులు పరిచి, ఒక్కో థీమ్‌ను ఒక్క తెలుగు వాక్యంలో చెప్పి, "ఇట్లా అనుకున్నాను, సరేనా?" అని అడిగాను. వాకిలి సంగతి చెబితే ఆమె పకపకా నవ్వింది. "వాకిలంటే వాకిలే కదా పాపా, అదేం చదువు?"

పదో అడుగు: రాయడం, చూపించడం

థీసిస్ ఇంగ్లీషులో ఉన్నా, కోట్లు తెలుగు లిపిలో ఉంచి కింద అనువాదం ఇవ్వండి. పేజీలు పెరుగుతాయంటే ఫాంట్ తగ్గించండి, మాట తగ్గించకండి. "వాకిలి" లాంటి మాటలను అనువదించకుండా అలాగే వాడి, మొదటిసారి వచ్చినచోట ఒక పేరా వివరణ ఇవ్వండి. ఫొటోలు వివరణ లేకుండా అలంకారంలా పడేయకండి. ప్రతి ఫొటో కింద ఎప్పుడు, దేని మీద, ఎంతసేపు అని ఉండాలి.

వైవా రోజు హాలు గుమ్మంలో నేనే ముగ్గు వేసి, ఆ తర్వాత తలుపు మూసి మాట్లాడటం మొదలుపెట్టాను. పరీక్షకులు లోపలికి వచ్చేటప్పుడు దాన్ని తొక్కారు. ఒకరు మాత్రం చూసి పక్కనుంచి వచ్చారు. ఆ సంగతి చివరలో వాళ్లకే చెప్పాను. ఇలాంటివి మీ కాలేజీలో ఒప్పుకుంటారో లేదో ముందే గైడ్‌ను అడగండి. మా దగ్గర హౌస్‌కీపింగ్ వాళ్లను ఒప్పించడమే కష్టమైంది.

పని అయిపోయాక బొమ్మలు, ఫొటోలు, ఆడియో ఏం చేస్తారో ఒప్పంద పత్రంలో ఏం రాశారో అదే చేయండి. నలుగురు తమ ముగ్గుల ఫొటోలు లామినేషన్ చేసిమ్మని అడిగారు, ఇచ్చాను. ఒకామె వద్దంది, సరే అన్నాను. పిండి గిన్నె మీద మూత పెట్టిన ఆమె మాత్రం తన ఫొటోలన్నీ తీసేయమంది. ముగ్గు తొక్కుడు పడాల, దాన్ని పట్టి పెట్టుకోవడమేంది అని ఆమె అభిప్రాయం. అప్పటికే ఒక అధ్యాయం ఆ ఫొటోల చుట్టూ రాసేశాను. లోపల ప్రాణం ఉసూరుమంది. ఫొటోలు తీసేసి, నా నోట్సులోని మాటల వర్ణన ఉంచుకోవచ్చా అని అడిగి, దానికి ఒప్పుకున్నాక ఆ అధ్యాయం తిరగరాశాను. ఆమె ఎదురుగానే ఫోన్ తీసి ఒక్కొక్కటే డిలీట్ చేశాను. లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"బిన్నులో ఉంటాయి పాపా. ఆడ కూడా తియ్యి."